సముద్రగర్భమునుండి వచ్చిన సాక్షి
(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



గత శనివారము రాత్రి ఈ పఠనమందిరపు ముంగిట తెల్లని దుప్పటి కట్టి మన యువకులు జపాను దేశపు చలనచిత్రమొకటి ప్రదర్శించిరి. దాని పేరు "గోజిరా". లోకమంతయు గాడ్జిల్లా యని పిలుచుచున్న భూతము అదియే. మఱునాడే కార్యవర్గమునకు ఒక విన్నపము చేరినది. జ్ఞానప్రసారముకొఱకు పెద్దలు చందాలెత్తి నెలకొల్పిన మందిరమున భూతముల బొమ్మలాడింపవచ్చునా, ఈ ప్రదర్శనము లింతటితో నిలుపవలదా, యని యందలి ప్రశ్న. సంతకములు చేసినవారందఱును మాకు పూజ్యులు. వారి సందేహము త్రోసివేయదగినది కాదు. ఆ రాత్రి మొదటి పావుగంటయు మేమును అట్లే తలచితిమి. పిమ్మట మా తలపు మారినది. ఏల మారినదో విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

ఈ కథ చిత్రముతో మొదలుకాలేదు. ఒక చేపలపడవతో మొదలైనది.

1954వ సంవత్సరము మార్చి 1వ తేదీ తెల్లవాఱుజామున, పసిఫిక్ మహాసముద్రమున మార్షల్ దీవులలోని బికినీయందు అమెరికా ప్రభుత్వము ఒక ఉదజని బాంబును పరీక్షించినది. దానిని నిర్మించిన శాస్త్రజ్ఞులు సుమారు 60 లక్షల టన్నుల ప్రేలుడుమందుకు సమానమగు శక్తిని లెక్కగట్టిరి. వెలువడినది 150 లక్షల టన్నుల శక్తి. హిరోషిమాపై పడినదానికి రమారమి వేయిరెట్లు. ప్రకటిత నిషిద్ధప్రాంతమునకు వెలుపల, ప్రేలుడుకు నూటముప్పది కిలోమీటర్లకు మించిన దూరమున, జపాను చేపలపడవ యొకటి ట్యూనా చేపలను పట్టుచుండెను. దాని పేరు "ఐదవ ఫుకుర్యూ మారు". అదృష్టపు నాగమని ఆ పేరునకర్థము. అందలి 23 మంది పడమటి దిక్కున వెలుగు పుట్టుట చూచిరి. కొన్ని గంటలకు ఆకాశమునుండి తెల్లని బూడిద రాలినది. అది బికినీయందలి పగడపురాతి పొడి, రేడియోధార్మిక విషముతో నిండినది. వారు దానిని చేతులతో ఎత్తి పాఱవేసిరి. మార్చి 14వ తేదీకి యైజు రేవు చేరునప్పటికే వారి చర్మము కాలియుండెను, వెండ్రుకలు రాలుచుండెను. ఆ పడవ రేడియో ఉద్యోగి ఐకిచి కుబొయామా సెప్టెంబరు 23వ తేదీన మరణించెను. అప్పటికతనికి నలువది యేండ్లు.

జపాను ప్రజల యాహారము చేప. ఆ ఏడు అంగళ్లయందలి చేపను ముట్టుటకే గృహిణులు వెఱచిరి. పట్టితెచ్చిన ట్యూనాను వందలకొలది టన్నులు పాతిపెట్టవలసివచ్చినది. వానయందును విషమున్నదన్న మాట వ్యాపించినది. టోక్యోనగరమున సుగినామి పేటయందలి స్త్రీలు సంతకముల యుద్యమమునకు పూనుకొనిరి. మఱుసటి ఏటికి దేశమంతట మూడుకోట్లకు పైబడిన సంతకములు చేరినవి. ఆ ప్రజలు భయపడినది శత్రుసేనకు కాదు. తినెడి తిండికి, త్రాగెడి నీటికి, పైనబడెడి వానకు భయపడిరి. ప్రకృతియే విషమైనదన్న యీ భయము మానవజాతికి నాడు క్రొత్తది.

కుబొయామా మరణించి ఆఱువారములు గడవకముందే, 1954 నవంబరు 3వ తేదీన, "గోజిరా" విడుదలయైనది. దర్శకుడు ఇషిరో హోండా. యుద్ధానంతరము స్వదేశమునకు తిరిగివచ్చుచు హిరోషిమా శిథిలములను కన్నులార చూచినవాడు. చిత్రము మొదట సముద్రముపై ఒక చిన్న ఓడ ఉన్నట్లుండి మంటలలో కూలిపోవును. చూచువారికి అది ఏ ఓడయో వేఱుగ చెప్పనక్కఱలేకపోయెను. సముద్రపు లోతులలో యుగములనుండి దాగియున్న జంతువును ఉదజని బాంబు కదిలించినది. దాని చర్మము కాలిన గాయములతో ముడుతలుపడినట్లు తీర్చిరి. అది నడచిన చోటనెల్ల రేడియోధార్మికత మిగులును. అది తగులబెట్టిన టోక్యోయందు ఒక తల్లి తన పిల్లలను పొదివిపట్టుకొని, త్వరలోనే తండ్రిని చేరుదుమని వారి నూఱడించును. 1945 మార్చినెలలో ఒక్క రాత్రి బాంబులకు రమారమి లక్షమందిని పోగొట్టుకొన్న నగరము అది. ఆ ప్రేక్షకులకు ఈ దృశ్యము వినోదమై యుండునా? సుమారు 96 లక్షలమంది ఆ చిత్రమును చూచిరి.

మేము ముఖ్యముగా రెండు ఘట్టములను మీ దృష్టికి తెచ్చుచున్నాము. మొదటిది శాసనసభా దృశ్యము. ఈ జంతువు బాంబు పరీక్షలవలన వచ్చినదని శాస్త్రజ్ఞుడు నివేదింపగనే సభ్యుడొకడు లేచి, ఈ సంగతి బయటపెట్టవలదు, ప్రజలు కలవరపడుదురు, పరదేశములతో సంబంధములు చెడును, అని వాదించును. స్త్రీసభ్యులు లేచి, సత్యమును ప్రకటింపవలసినదేయని కేకలువేయుదురు. భూతము సంగతి యటుండనిండు. ఈ వాదము మనకు తెలియనిదా? ఎక్కడ ఏ కర్మాగారమున ఏ వాయువు వెలువడినను మొదట వినవచ్చు మాట, "ప్రజలు కలవరపడవలదు" అనునదియే కదా.

రెండవది ముగింపు. భూతమును చంపగల యాయుధమును సెరిజావా యను యువశాస్త్రజ్ఞుడు కనిపెట్టియున్నాడు. అది బాంబుకంటెను ఘోరమైనది. దానిని ఒక్కమాఱు వాడినచో రాజ్యములు తన్ను విడువవని యెఱిగి, తన కాగితములన్నియు తగులబెట్టి, భూతముతోకూడ తానును సముద్రమున ప్రాణము విడుచును. పిమ్మట వృద్ధశాస్త్రజ్ఞుడు యమానే, ఈ పరీక్షలు సాగినయెడల ఇట్టి జంతువు మఱియొకటి లోకమున ఎక్కడనైనను తలయెత్తవచ్చునని హెచ్చరించును. విజయభేరి లేకయే చిత్రము ముగియును.

ఈ చిత్రము 1956లో అమెరికాకు పోయినది. అక్కడివారు దానిని కత్తిరించి, రేమండ్ బర్ర్ అను నటుని పత్రికావిలేఖరిగా నడుమ చొప్పించి, ఆంగ్లమున విడుదలచేసిరి. 96 నిమిషముల చిత్రము 80 నిమిషములైనది. విషపుచేపలనుగూర్చి, నాగసాకినిగూర్చి రైలుబండిలో ప్రయాణికు లాడుకొను మాటలు పోయినవి. యమానే హెచ్చరిక పోయినది. దానికి బదులు లోకమునకు ముప్పు తప్పినదను సంతోషవాక్యము చేరినది. మేము న్యాయస్థానములందు ఇరువదియేండ్లుగా తిరుగుచున్నవారము. సాక్షి వాఙ్మూలమును ఎదుటిపక్షమువాడు దిద్దివ్రాసి దాఖలు చేయుట యెంతటి నేరమో మాకు తెలియును. ఇచట జరిగినది అట్టిదే. మూలచిత్రము యథాతథముగా అమెరికా ప్రదర్శనశాలలలో విరివిగా ఆడుటకు 2004వ సంవత్సరము రావలసివచ్చినది.

ఇక అసలు వ్యవహారమును న్యాయము ఎట్లు ముగించినదో వినుడు. 1955 జనవరిలో అమెరికా ప్రభుత్వము జపానుకు 20 లక్షల డాలర్లు చెల్లించినది. నష్టపరిహారముగా కాదు; చట్టరీత్యా బాధ్యతను అంగీకరింపకయే, దయతో ఇచ్చిన సొమ్ముగా. మా వృత్తిలో ఈ మాటకు చాల విలువ గలదు. దయతో ఇచ్చిన సొమ్ము పుచ్చుకొన్నవాడు మఱి ప్రశ్నింపరాదు. కాగితము మూతపడును, తప్పు ఎవరిదో తీర్పులేకుండనే పోవును. ఆ బూడిదయే రోంగెలాప్ దీవియందలి మార్షల్ ప్రజలపైనను పడినది. వారి బిడ్డలు దానితో ఆడుకొనిరి. రెండుదినముల తరువాతగాని వారిని తరలింపలేదు. 1946 మొదలు 1958 వఱకు ఆ దీవులలో 67 పరీక్షలు జరిగినవి. 1988లో నెలకొల్పిన పరిహార న్యాయసభ రెండువందల కోట్ల డాలర్లకు పైగా తీర్పులిచ్చినది; చెల్లించుటకు నిధి చాలలేదు. డిక్రీ చేతనుండియు వసూలు కాని వాదుల దుఃఖము ఈ సభలో కొందఱకైనను అనుభవమే.

న్యాయస్థానము మూసిన కాగితమును తెఱపైని భూతము తెఱచియుంచినది. గత శనివారము మా తలపును మార్చిన సంగతి ఇదియే.

అయితే పెద్దల యాక్షేపణలో ఒక భాగము బలమైనది. అట్టి జంతువు ఉండునా? ఈ చిత్రములు యువకుల బుద్ధికి అసత్యమును అలవాటుచేయవా? ఉండదని మేమును ఒప్పుకొనుచున్నాము. ప్రాణి యొక్క పొడవును పదిరెట్లు పెంచినచో ఎముక అడ్డుకోత వైశాల్యము, కాళ్లబలము నూఱురెట్లు పెరుగును; బరువో వేయిరెట్లు పెరుగును. అంత జంతువు తన బరువునకు తానే కూలిపోవును. 1954లోనే అమెరికనులు "దెమ్" అను చిత్రమున న్యూమెక్సికో ఎడారియందలి అణుపరీక్షవలన చీమలు ఏనుగులంత పెరిగినట్లు చూపిరి. అదియు అసంభవమే. రేడియోధార్మికత ప్రాణులను పెంచి భూతములను చేయదు. లోలోపల రక్తమును, ఎముకను తినివేయును. 2018లో వచ్చిన "2.0" అను చిత్రమున సెల్‌ఫోను గోపురముల కిరణములు పక్షులను చంపుచున్నట్లు చూపిరి. పక్షులు తగ్గిపోవుచున్నమాట నిజము; ఆ కారణము మాత్రము శాస్త్రముచే రుజువైనది కాదు. పొలములలోని విషపుమందులు, చెఱువుల పూడ్పు, చెట్ల నఱకివేత అనునవి యుండగా నేరమును వేఱొకనిపై మోపుటవలన అసలు ముద్దాయి తప్పించుకొనును.

కావున చలనచిత్రమును నిపుణుని నివేదికగా గ్రహింపరాదు. దానిని సాక్షిగా గ్రహింపవలెను. భయపడిన సాక్షి దొంగ యెత్తును పెంచి చెప్పును, కత్తి పొడవును పెంచి చెప్పును. అంతమాత్రమున ఇంట దొంగతనము జరుగలేదని ఏ న్యాయాధిపతియు తీర్పు చెప్పడు. క్రాసు పరీక్షచేసి అతిశయోక్తిని తీసివేయును, మిగిలినదానిని నిలుపును. చూచువారును అట్లే చేయవలెను.

ఇట్టి సాక్షులు పెక్కండ్రు గలరు. 1979 మార్చి 16వ తేదీన అమెరికాలో "ది చైనా సిండ్రోమ్" అను చిత్రము విడుదలయైనది. అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము, దానిని కప్పిపుచ్చుటయు అందలి కథ. కట్టుకథయని కొందఱు కొట్టివేయుచుండగనే, పండ్రెండవదినమున, మార్చి 28వ తేదీన, పెన్సిల్వేనియా రాష్ట్రమున త్రీమైల్ ఐలండ్ అణుకేంద్రమున నిజముగనే ప్రమాదము జరిగినది. 2006లో దక్షిణకొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో తీసిన "ది హోస్ట్" అను చిత్రమున హాన్ నదిలో భూతము పుట్టును. 2000వ సంవత్సరమున సియోల్ నగరమందలి అమెరికా సైనికస్థావరమున ఫార్మాల్డిహైడ్ ద్రవమును మురుగుకాలువలో పోయించిన ఉదంతము ఆ కథకు మూలము. 2011 మార్చిలో భూకంపమును, ఉప్పెనయు, ఫుకుషిమా అణుకేంద్ర ప్రమాదమును జపానును క్రుంగదీసిన పిమ్మట, 2016లో గోజిరా మరల వచ్చినది. ఈ మాఱు చిత్రములో భూతముకంటె భయంకరమైనవి అధికారుల సమావేశములు. నగరము కూలుచుండగా ఏ శాఖ ఎవరి యనుమతి పొందవలెనో తేలదు. మన తాలూకా కచేరీలను ఎఱిగినవారెవరును నవ్వక యుండలేరు. నవ్విన పిమ్మట నిద్రయు పోలేరు.

వీటన్నిటిలో మాకు మిక్కిలి ఉపదేశకరముగ తోచినది 1971 జూలై 24వ తేదీన విడుదలయైన "గోజిరా, హెడోరా" చిత్రము. "హెడొరో" అనగా జపాను భాషలో రేవుల యడుగున పేరుకొను కుళ్లుబురద. ఆకాశమునుండి పడిన బీజమొకటి ఆ బురదను తిని పెరిగి, ఒడ్డుకెక్కి, పొగగొట్టములకు నోరానించి పొగను పీల్చును. కర్మాగారముల పొగచే ప్రజలకు ఉబ్బసము సంక్రమించిన యొక్కాయిచి పట్టణము దర్శకుడు బన్నో మనసులో నుండెను. ఆ పట్టణమున రోగులు తొమ్మండుగురు 1967లో ఆఱు కంపెనీలపై దావా వేసిరి. ఏ కంపెనీ పొగ ఏ రోగి ఊపిరితిత్తులలో చేరినదో వేఱుచేసి చూపుట అసాధ్యము. ప్రతివాదులు దానినే యాశ్రయించిరి. 1972 జూలై 24వ తేదీన, చిత్రము విడుదలయైన నాటికి సరిగా ఏడాదికి, న్యాయస్థానము ఆఱు కంపెనీలును ఉమ్మడిగా బాధ్యులేయని తీర్పు చెప్పినది. తేదీలు కలియుట యాదృచ్ఛికము. చిత్రమువలన తీర్పు వచ్చినదని మేము చెప్పుట లేదు. 1970 చివర జపాను శాసనసభ కాలుష్యమును అరికట్టుటకు పదునాలుగు చట్టములు చేసియేయున్నది. మేము చెప్పునది ఇంతే: రోగి దగ్గు, తెఱపై భూతము, శాసనసభలో చట్టము, న్యాయస్థానమున తీర్పు, ఇవి ఒకే ప్రజాభయము యొక్క నాలుగు రూపములు. భయము దాచబడినచోట వ్యాధియగును. నలుగురిలో పలుకబడినచోట శాసనమగును.

భయము వర్తకులచేత పడినచో ఏమగునో కూడ చెప్పనిది మా వాదము పూర్ణము కాదు. అదే గోజిరా కాలక్రమమున పిల్లలు ముచ్చటపడు వీరుడైపోయినది. 1971 చిత్రమున హెడోరాను ఓడించి నగరమును రక్షించునది తానే. బొమ్మలై, ఆటవస్తువులై అంగళ్లలో అమ్ముడుపోయినది. 1954 నాటి సాక్షి చాలకాలము విదూషకుడై బ్రతికినది. ఆ పడవ గతియు అట్టిదే. మరమ్మతుచేసి, పేరుమార్చి, కొంతకాలము వాడి, 1967లో టోక్యో చెత్తతో పూడ్చిన యుమెనోషిమా దీవిలో పాఱవేసిరి. సామాన్యజనులు పూనుకొని దానిని చెత్తలోనుండి రక్షించిరి. 1976 మొదలు అది అక్కడనే ప్రదర్శనశాలలో నిలిచియున్నది. జ్ఞాపకమునకును కాపలా కావలయును.

ఇక మనమాట. 1954 ఏప్రిల్ 2వ తేదీన, కుబొయామా ఇంకను ఆసుపత్రిలో నుండగనే, జవహర్‌లాల్ నెహ్రూ మన లోకసభలో లేచి అణుపరీక్షలను తక్షణము నిలుపుదల చేయవలెనని ప్రపంచమును కోరెను. ఆ మాట పలికిన దేశము మనదైనందుకు గర్వింతుము. అదే మార్షల్ దీవుల ప్రభుత్వము 2014లో అణ్వాయుధములు గల తొమ్మిది రాజ్యములపై, నిరాయుధీకరణ చర్చలు జరుపలేదని హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యములు వేసినది. విచారణవఱకు వచ్చిన ప్రతివాదులు మూడు: భారతము, పాకిస్థాను, బ్రిటను. 2016 అక్టోబరు 5వ తేదీన మనపై వ్యాజ్యము తొమ్మిదికి ఏడు ఓట్లతో, విచారణాధికారము లేదను కారణమున కొట్టివేయబడినది. మనము గెలిచితిమి. న్యాయవాదులుగా ఆ గెలుపులో తప్పెంచలేము. నెహ్రూ మాటలు వినిపెరిగినవారముగా మాత్రము తలయెత్తుకొన జాలకున్నాము.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలుపై విషవాయువు కమ్మినది. 1985 చివర ఢిల్లీయందు మఱియొక వాయువు వెలువడగా, ప్రమాదకరమగు పరిశ్రమ నడుపువాడు ఏ సాకును చెప్పక సంపూర్ణ బాధ్యత వహింపవలసినదేయని 1986 డిసెంబరులో మన సుప్రీముకోర్టు ఘనమైన సూత్రమును ప్రతిపాదించినది. అయినను భోపాలు వ్యాజ్యము 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీపడినది. తప్పు ఎవరిదో విచారణ జరిగి తీర్పు రాలేదు. 1955 జనవరి మీకు జ్ఞప్తికి వచ్చుచుండునని తలంతుము. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్నము చెంత వెంకటాపురముపై స్టైరీను ఆవిరి కమ్మి పండ్రెండుగురు మరణించిరి. నిద్రలేచి పరుగెత్తి త్రోవలోనే పడిపోయినవారిని మనమందఱము బొమ్మలలో చూచితిమి. ఏ దర్శకుడును దానిని కల్పింపలేదు.

మన తెలుగు చలనచిత్రములు భూతములను, మంత్రగాండ్రను, పాడుపడిన మేడలను మిక్కుటముగా చూపినవి. పొగగొట్టమునుండి పుట్టిన భూతమును చూపినవి అరుదు. 2024లో వచ్చిన "కల్కి 2898 ఏ.డి." యందు గంగ యెండిన కాశి కనబడినది, పచ్చదనమంతయు పైనున్న కొలదిమంది సొత్తైనది. అది మంచి యారంభము. కాని అది ఎనిమిదివందల యేండ్లకు పైబడిన దూరపు భయము. వెంకటాపురము మన కాలపుది.

అయ్యలారా, అమ్మలారా! మా ప్రార్థన యిది. శనివారపు ప్రదర్శనములను నిలుపవలదు. అయితే పెద్దల యాక్షేపణను మన్నించి ఒక నియమము చేసికొందము. ఏ చిత్రము ప్రదర్శించినను, దాని వెనుకనున్న యథార్థవృత్తాంతమును ఒక కాగితముపై వ్రాసి తలుపునకు అంటింతము. చిత్రము ముగిసిన పిమ్మట అరగంటసేపు కూర్చుండి, అందు ఎంత నిజము, ఎంత పెంపు, మన యూరిలో దానికి సరియైనదేది, యని విచారింతము. మన చెఱువులోనికి ఏ కాలువ వచ్చి పడుచున్నది, అందలి నీటిని కడపట ఎవరు ఎప్పుడు పరీక్షించిరి, ఆ ఫలితమెక్కడ నున్నది, యని అడిగి తెలిసికొనుటకు సమాచారహక్కు చట్టము 2005 నుండి మన చేతిలోనే యున్నది. అర్జీలు వ్రాసిపెట్టు పని మాది, రుసుము అక్కఱలేదు.

ఆ చిత్రములోని స్త్రీలు శాసనసభలో లేచి సత్యమును ప్రకటింపుడని కేకవేసిరి. ఈ పఠనమందిరము అట్టి కేక పుట్టదగిన చోటు. వచ్చు శనివారము దుప్పటి మరల కట్టుదురుగాక. చూచుటకు మేము ముందువరుసలోనే కూర్చుందుము. విన్నపముపై సంతకములు చేసిన పెద్దలును మా ప్రక్కనే కూర్చుందురని ఆశించుచున్నాము.